ఇంట్లో చూస్తే ఎందుకు నచ్చలేదు? – పాఠకుల ప్రశ్నలు, ఒక మామూలు ప్రేక్షకుడి జవాబులు

ఓటీటీలోనో టీవీలోనో చూసి నిరాశపడిన సినిమాల గురించి రాయమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఫిర్యాదులే ఎక్కువ; కొన్నిటిలో మాత్రం ఆలోచింపజేసే సందేహాలు ఉన్నాయి. వీటికి జవాబు చెబుతున్నది సినీ విమర్శకుడు కాదని ముందే మనవి చేయాలి. ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి, భోజనాలయ్యాక రిమోట్ చేతిలోకి తీసుకొనే మీవంటి ప్రేక్షకుడే ఇతడు కూడా. కాబట్టి కింద ఉన్న మంచిచెడులన్నీ ఒక మనిషి అభిప్రాయాలే.

ప్రశ్న: హాలు దద్దరిల్లిపోయిందని మా ఊళ్ళో అందరూ చెప్పుకొన్న ఒక పెద్ద హీరో సినిమాను నెల తరువాత ఇంట్లో చూశాము. ఇంటిల్లిపాదికీ చప్పగా అనిపించింది. హాల్లో చూసినవాళ్ళు గొప్పలు చెప్పారా, లేక మాకే అభిరుచి లేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాళ్ళు చెప్పిందీ నిజమేనమ్మా, మీకు అనిపించిందీ నిజమే. మన పెద్ద సినిమాలలో హీరో ప్రవేశించే సన్నివేశాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట నేల మీద బూటు పడుతుంది, దుమ్ము లేస్తుంది. తరువాత చేతి కడియం, ఆ తరువాత వెనక నుంచి భుజాలు. నలుగురు రౌడీలు గాలిలోకి లేచి సుమో అద్దాల మీద పడితే గాని ముఖం కనబడదు. ముఖం కనబడిన క్షణాన హాల్లో కాగితాలు ఎగురుతాయి, ఈలలు మోగుతాయి. ఆ గోల తగ్గేదాకా హీరో మరో మాట మాట్లాడకుండా నిలబడి చూస్తూ ఉంటాడు, ఎందుకంటే అక్కడ ఎంతసేపు అరుపులు ఉంటాయో లెక్క వేసుకొనే ఎడిటర్ ఆ ఖాళీని వదిలిపెడతాడు. ఇంట్లో ఆ ఖాళీలో వినబడే విజిల్ కుక్కరుది మాత్రమే.

అంటే సినిమాలో ఒక భాగాన్ని ప్రేక్షకులే పూర్తి చేయాలని దర్శకుడు ముందుగానే అనుకొని తీశాడన్న మాట. పక్కవాడు నవ్వితే మనకూ నవ్వు వస్తుంది, వెనక వరుసలో ఎవరో అరిస్తే మన ఒళ్ళూ పులకరిస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు. హరికథకూ నాటకానికీ కూడా ఇదే సూత్రం. అయితే ఆ జనం లేని చోట సినిమాలో ఏం మిగులుతుందన్నది వేరే ప్రశ్న. నా లెక్కలో ఇంట్లో మిగిలేది రాత ఒక్కటే: కథ, మాట, పాత్ర ప్రవర్తనకు ఉన్న కారణం. హీరోను ఆకాశానికెత్తే ఎలివేషన్ల కింద ఇవి ఉన్న సినిమా ఇంట్లో కొంచెం తగ్గుతుంది గాని చప్పబడదు. ఇవి లేనిది మాత్రం మీకు అనిపించినట్టే అనిపిస్తుంది.

2005లో వచ్చిన ‘అతడు’ను చూడండి. ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు వేసినా జనం మళ్ళీ కూర్చొని చూస్తూనే ఉన్నారు. చనిపోయినవాడి పేరుతో ఒక కిరాయి హంతకుడు ఆ ఇంటి మనవడిగా చేరిపోవడం అందులోని కథ. ఆ ఇంట్లోవాళ్ళు భోజనాల దగ్గరా వరండాలోనూ మాట్లాడుకొనే మాటలకు ఈలలతో పని లేదు. నిజం బయటపడితే ఏమవుతుందన్న భయం ప్రతి నవ్వు వెనకా ఉంటుంది కాబట్టి, మనం ఏ మధ్యలో నుంచి చూడడం మొదలుపెట్టినా పది నిమిషాలు అక్కడే ఆగిపోతాము. మీరు చూసిన సినిమాలో అటువంటి పది నిమిషాలు ఎక్కడైనా దొరికాయేమో ఆలోచించండి. దొరకకపోతే మీ అభిరుచిని శంకించుకోవలసిన అవసరం లేదు.

ప్రశ్న: మాటలు వినబడవు. వాల్యూమ్ పెంచితే ఫైటు వచ్చి పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. సినిమా అంతా రిమోట్ పట్టుకొని పెంచడం, తగ్గించడమే సరిపోతోంది. ఇలా చూసిన సినిమా నచ్చకపోతే అది సినిమా తప్పు అనవచ్చునా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సగం అనవచ్చు. ఆ సగం సంగతి చివర చెబుతాను. ముందు ఇంట్లో సర్దుకోవలసింది సర్దుకుందాము.

సినిమా హాలు కోసం చేసే 5.1 శబ్దంలో ఆరు దారులు ఉంటాయి. ముందు ఎడమ, కుడి, మధ్య. వెనక రెండు వైపులా రెండు. దడదడల కోసం సబ్‌వూఫర్. మాటలు దాదాపు అన్నీ మధ్య దారిలో, తెర వెనక ఉన్న స్పీకరు నుంచి వస్తాయి. సంగీతమూ పేలుళ్ళూ మిగతా దారులలో ఉంటాయి కాబట్టి హాల్లో రెండూ వేరువేరుగా చెవికి చేరతాయి. మీ టీవీకి ఉన్నది రెండు చిన్న స్పీకర్లు, అవి కూడా చాలా మోడళ్ళలో కిందికో గోడవైపుకో తిరిగి ఉంటాయి. ఆరు దారుల శబ్దం ఆ రెండింటిలోకి కుదించుకుపోయినప్పుడు మాటల మీద సంగీతం వచ్చి కూర్చుంటుంది. పైగా హాల్లో వినే స్థాయిలో మనం ఇంట్లో వినము. హాల్లో గుసగుస కూడా స్పష్టంగా వినబడేటంత బిగ్గరగా పెడతారు. ఇంట్లో రాత్రి పదింటికి పిల్లలు నిద్రపోతున్నప్పుడు వాల్యూమ్ తగ్గిస్తే మొదట మాయమయ్యేది ఆ గుసగుసే.

చేయదగినవి కొన్ని ఉన్నాయి. సౌండ్ సిస్టమ్ లేనివారు ఓటీటీలో ఆడియో జాబితా తెరిచి, 5.1 అని ఉన్న దానికి బదులు మామూలు స్టీరియో దొరికితే దానిని పెట్టుకోవాలి. టీవీ సౌండ్ సెట్టింగులలో మాటలను పైకి తెచ్చే మోడ్ ఒకటి ఉంటుంది. ‘క్లియర్ వాయిస్’ అనో ‘డైలాగ్’ అనో ఏదో ఒక పేరుతో కనబడుతుంది. ‘నైట్ మోడ్’ ఉంటే పెద్ద శబ్దాలను తగ్గించి చిన్న శబ్దాలను పెంచుతుంది. పక్కింటివారితో స్నేహం నిలవాలంటే మీకు కావలసింది ఇదే. చిన్న సౌండ్‌బార్ కొనగలిగితే అందులో మధ్య స్పీకరు విడిగా ఉన్నదో లేదో అడిగి కొనండి. అది లేని సౌండ్‌బార్ దడదడను పెంచుతుందే గాని మాటకు పెద్దగా మేలు చేయదు.

ఇన్ని చేసినా మాట వినబడకపోతే తప్పు సినిమాదే. ఈ మధ్య మన సినిమాలలో నేపథ్య సంగీతం ఊపిరి తీసుకోవడం మానేసింది. తండ్రి కొడుకుతో రెండు మాటలు చెబుతున్నా కింద తబలాలూ పైన కోరస్సూ మోగుతూనే ఉంటాయి. సన్నివేశం తనంతట తాను నిలబడుతుందన్న నమ్మకం దర్శకుడికి లేనప్పుడు జరిగే పని ఇది. హాల్లో ఆ హోరు మనలను లాక్కుపోతుంది. ఇంట్లో అదే హోరు వినగానే, ఇక్కడ ఏదో కప్పిపుచ్చుతున్నారన్న అనుమానం కలుగుతుంది. అనుమానం తీరాలంటే ఆ సన్నివేశాన్ని శబ్దం కట్టేసి సబ్‌టైటిల్స్‌తో మళ్ళీ చూడండి. మాటలు కాగితం మీద కూడా బలంగా ఉంటే నింద టీవీ మీదికి పోతుంది, లేకపోతే రచయిత మీదికి.

ప్రశ్న: కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నాము. అందులో ఏ సినిమా వేసినా సీరియల్‌లా కనబడుతోంది. పాత టీవీలో గొప్పగా కనబడిన సినిమాలు కూడా చవకగా తీసినట్టు అనిపిస్తున్నాయి. పైగా తెరకు పైనా కిందా నల్ల పట్టీలు. పెద్ద టీవీ కొని ఏం లాభం?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. కొత్త టీవీలు సెకనుకు 60 సార్లో 120 సార్లో తెరను మారుస్తాయి కాబట్టి, రెండు బొమ్మల మధ్య లేని బొమ్మలను తామే ఊహించి కల్పించే ఒక సదుపాయాన్ని కంపెనీలు పెట్టాయి. క్రికెట్‌కు అది పనికివస్తుంది. సినిమాకు పెడితే కదలిక మరీ నున్నగా మారి, వీడియో కెమెరాలతో తీసిన పాత సీరియళ్ళ పోలిక వస్తుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టుకొంది: ఎల్‌జీలో ‘ట్రూమోషన్’, సోనీలో ‘మోషన్‌ఫ్లో’, శామ్‌సంగ్ పాత మోడళ్ళలో ‘ఆటో మోషన్ ప్లస్’, కొత్తవాటిలో ‘పిక్చర్ క్లారిటీ’. పిక్చర్ సెట్టింగులలోకి వెళ్ళి దానిని ఆపేయండి. 2019లో ప్రకటించిన ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ మీ టీవీలో ఉంటే అది ఒక్కటి నొక్కితే చాలు, ఇటువంటి సొంత తెలివితేటలన్నిటినీ టీవీ పక్కన పెడుతుంది. షాపులో నలుగురినీ ఆకర్షించడానికి పెట్టిన ‘వివిడ్’ రంగులను కూడా అప్పుడే వదిలించుకోవచ్చు.

నల్ల పట్టీలు మాత్రం లోపం కావు. మన పెద్ద సినిమాలు చాలావరకు సినిమాస్కోప్‌లో, అంటే ఎత్తుకు దాదాపు 2.39 రెట్లు వెడల్పుగా తీస్తారు. టీవీ తెర ఎత్తుకు 1.78 రెట్లే వెడల్పు. అందుకే తెరలో నాలుగో వంతు ఖాళీగా ఉంటుంది. కొన్ని ఛానళ్ళు ఆ పట్టీలు కనబడకుండా బొమ్మను పెంచి పక్కలు కోసేస్తాయి. అప్పుడు ఇద్దరు మాట్లాడుకొనే సన్నివేశంలో ఒకరి చెవీ మరొకరి ముక్కూ కనబడతాయి. మీరు నిరాశపడవలసింది ఆ కోతను చూసి.

ప్రశ్న: కరోనా రోజులలో హాళ్ళు మూసేసినప్పుడు పెద్ద తారల తెలుగు సినిమాలు నేరుగా ఓటీటీకి వచ్చాయి. ఎంతో ఎదురుచూసి చూసిన వాటిలో చాలావరకు నన్ను నిరాశపరిచాయి. పేరు లేని చిన్న సినిమాలు మాత్రం నచ్చాయి. ఇది నా ఒక్కడి అనుభవమా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఒక్కరిదే కాదు, నాదీ అదే. ఈసారి వచ్చిన ఉత్తరాలలో దీని మీద వచ్చినవే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2020 ఉగాదికి హాళ్ళకు రావలసిన ‘వి’ ఆ ఏడాది సెప్టెంబరు 5న ఓటీటీలో వచ్చింది. నానికి అది 25వ సినిమా, పైగా ప్రతినాయకుడి ఛాయలున్న పాత్ర. హత్య చేసిన ప్రతిసారీ పోలీసు అధికారికి ఒక ఆధారం వదిలి సవాలు విసిరే హంతకుడి కథ కాబట్టి, మనమూ ఆ చిక్కుముడిని విప్పుతూ పోతామన్న ఆశ మొదటి అరగంటలో పుడుతుంది. విప్పడానికి మనకు అవకాశం ఇవ్వకుండా పోలీసు అధికారికే సమాధానాలు తడుతూ ఉండడం నా మొదటి నిరాశ. ఫ్లాష్‌బ్యాక్‌లో ప్రేమ కథ రాగానే హంతకుడు మనకు ఎప్పటినుంచో తెలిసిన పగ తీర్చుకొనే హీరోగా మారిపోవడం రెండవది. నాని నటనలో కొంటెతనం బాగుంది. ఆ కొంటెతనానికి దీటైన ఎదిరి ఎత్తు సుధీర్‌బాబు పాత్రకు రాసి ఉంటే ఈ మాటలు రాయవలసి వచ్చేది కాదు.

అదే ఏడాది అక్టోబరు 2న వచ్చిన ‘నిశ్శబ్దం’ మరో రకం. వినికిడీ మాటా లేని చిత్రకారిణిగా అనుష్క, అమెరికాలోని సియాటిల్ పరిసరాలు, దయ్యాల కొంప అని పేరుపడిన ఒక ఇల్లు. ఇంతకంటె మంచి సరంజామా థ్రిల్లరుకు ఏం కావాలి? కాని రహస్యం విడిపోయే తీరులో మనం కళ్ళతో పట్టుకొనేది తక్కువ, పాత్రలు చెబితే వినేది ఎక్కువ. మాటలు లేని మనిషి చుట్టూ అల్లిన కథ ఇన్ని మాటల మీద ఆధారపడడం నాకు విచిత్రంగా తోచింది. హాల్లో అయితే చీకటీ శబ్దమూ కలిసి మనలను కొంతసేపు కట్టిపడేసేవేమో. ఇంట్లో లైటు వెలుగుతూ ఉంటుంది, ‘ఇది ఎవరు చేశారో నాకు తెలుసు’ అని పక్క నుంచి ఒకరు ప్రకటిస్తారు, అదే నిజమవుతుంది.

2021 వినాయక చవితి నాడు, సెప్టెంబరు 10న వచ్చిన ‘టక్ జగదీష్’ మీద హాళ్ళ యజమానులు విడుదలకు ముందు అలగడం మీకు గుర్తుండే ఉంటుంది. నిజానికి అది హాలుకే సరిపడే సినిమా. ఊరూ ఉమ్మడి కుటుంబమూ భూమి తగాదాలూ, మంచివాడనుకొన్న అన్న ముఖం మారడమూ ఉన్న ఇటువంటి కథను పండగ పూట ఇంటిల్లిపాదీ తరలివెళ్ళి చూస్తే కన్నీళ్ళు కలిసి వస్తాయి. ఇంట్లో చూస్తే ఒకే గొడవ మూడు సన్నివేశాలలో మూడుసార్లు జరుగుతోందన్న సంగతి తెలిసిపోతుంది. జగపతిబాబు పాత్ర మారిన ఘట్టంలో కలిగిన ఆసక్తి ఆ తరువాత నిలవకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు రాయండి, వేస్తాము.

ఇక మీకు నచ్చిన చిన్న సినిమాలు. 2020 నవంబరు 20న వచ్చిన ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’లో కథ అంటూ చెప్పుకోదగ్గది ఏముంది? పల్లెటూరి కుర్రవాడు తన చేతి బొంబాయి చట్నీ మీద నమ్మకంతో గుంటూరులో టిఫిన్ హోటల్ పెట్టాలనుకొంటాడు. అంతే. కాని అందులో తండ్రి కొడుకును తిట్టే తిట్టులో ఎంత ప్రేమ ఉందో, డబ్బు విషయం వచ్చేసరికి ఇంట్లో గొంతులు ఎలా మారతాయో మనకు తెలిసిన ఇళ్ళలో వినబడినట్టే వినబడతాయి. 2021 మే నెలలో వచ్చిన ‘సినిమా బండి’లో ఆటోవాడికి తన ఆటోలో ఒక ఖరీదైన కెమెరా దొరుకుతుంది, దానితో ఊరివాళ్ళను పెట్టి సినిమా తీయాలని బయలుదేరతాడు. ‘కలర్ ఫొటో’కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారమే వచ్చింది. ఈ మూడింటికీ ఈలలు అవసరం లేదు. మనుషులను దగ్గరగా చూపే సినిమా దగ్గరగా కూర్చొని చూసే తెరకు నప్పుతుంది.

అలాగని చిన్న సినిమాలన్నీ మంచివని నా చేత అనిపించకండి. ఆ కాలంలోనే, నలుగురు స్నేహితులు, ఒక ఫ్లాటు, ఒక మందు సీసా పెట్టుకొని తీసిన సినిమాలు లెక్కకు మించి వచ్చాయి. వాటిని మీరూ నేనూ మరిచిపోయాము కాబట్టి నచ్చినవే గుర్తున్నాయి. పెద్ద సినిమాలను మాత్రం నచ్చకపోయినా మరిచిపోము.

ప్రశ్న: రీమేకులు ఈ మధ్య ఎందుకు ఒక్కటీ ఆనడం లేదు? మా చిన్నతనంలో రీమేకు అంటే హిట్టే.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అప్పట్లో తమిళ మూలాన్ని చూడాలంటే మద్రాసు రైలెక్కాలి. ఇప్పుడు మూలమూ రీమేకూ ఒకే రిమోట్‌లో ఉన్నాయి. 2021 జూలైలో ‘నారప్ప’ వచ్చేసరికే 2019 నాటి తమిళ ‘అసురన్’ను మన ప్రేక్షకులు చాలామంది సబ్‌టైటిల్స్‌తో చూసేశారు. ‘దృశ్యం 2’ మలయాళంలో 2021 ఫిబ్రవరిలో, తెలుగులో అదే ఏడాది నవంబరులో, రెండూ ఓటీటీలోనే వచ్చాయి. మలుపు మీదే ఆధారపడిన కథలో ఆ మలుపు ముందే తెలిసినవాడికి మిగిలేది పోలిక ఒక్కటే. 2018 నాటి హిందీ ‘అంధాధున్’కు తెలుగు రూపమైన ‘మాస్ట్రో’ను చూస్తున్నంతసేపూ, తమన్నా కనబడినప్పుడల్లా టబు గుర్తుకు రావడం తమన్నా దోషం కాదు, ఒకరు అప్పటికే ధరించి మెప్పించిన పాత్రను మార్పు లేకుండా చేతిలో పెడితే ఎవరికైనా అదే జరుగుతుంది. ‘నారప్ప’లో వెంకటేశ్ కష్టం నాకు నచ్చింది. అయినా ఆ కోపం పుట్టిన నేల అక్కడిదే అనిపించింది గాని, మన అనంతపురం ఎండ దానికి కొత్తగా ఏమీ జోడించలేదు.

ప్రశ్న: సినిమా హాల్లో నాలుగు వారాలు తిరక్కుండానే ఇంటికి వచ్చేస్తోంది. నాణ్యత పడిపోవడానికి ఇదే కారణమని నేనంటాను. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 2022లో ‘రాధేశ్యామ్’ మార్చి 11న హాళ్ళకు వచ్చి ఏప్రిల్ 1న ఓటీటీలో కనబడింది. ‘ఆచార్య’ ఏప్రిల్ 29న విడుదలై మే 20కి ఇంటికి వచ్చింది. రెండింటికీ సరిగ్గా మూడు వారాలు. ఆ ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి చర్చలు జరిపి, ఓటీటీకి ఎనిమిది వారాల గడువు ఉండాలని అనుకొన్నారు. ఆ తరువాత ఏం జరుగుతున్నదో మీ ఫోనులో వచ్చే ప్రకటనలే చెబుతాయి.

అయితే త్వరగా ఇంటికి రావడం వల్ల సినిమా చెడిపోయిందని నేననుకోను. హాల్లో నిలవని సినిమా త్వరగా వస్తుంది, అంతే. చెడిపోయింది ఎక్కడంటే, ఓటీటీ హక్కుల లెక్క హీరో పేరును బట్టి తేలే పద్ధతిలో. కథ పూర్తిగా తయారు కాకముందే పెట్టుబడిలో పెద్ద భాగం తిరిగి వచ్చే దారి దొరికినప్పుడు, సెకండాఫ్ మీద మరో ఆరు నెలలు కూర్చొనే ఓపిక ఎవరికి ఉంటుంది? మన వైపు నుంచీ ఒక మార్పు వచ్చింది. ‘ఇంటికొస్తుందిలే, అప్పుడు చూద్దాం’ అనుకొని ఆగినవాడు సినిమాను ఎదురుచూసి చూడడు. వంట చేస్తూ, ఫోను గీకుతూ, సగం చెవితో చూస్తాడు. అలా చూసి నచ్చలేదని చెప్పడానికి కొంచెం జంకాలి.

ప్రశ్న: ఓటీటీలో వేసే ముందు రివ్యూలు చదవాలా, వద్దా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చూశాక చదవండి. అమెరికాలో ప్రీమియర్లు ఇక్కడి విడుదల కంటె ముందే పడతాయి కాబట్టి సినిమా జాతకం మాకు చెప్పేది మీరే. అయినా మీరు ఈ ప్రశ్న వేయడం సరదాగా ఉంది. మన వెబ్‌సైట్లు ఇచ్చే రేటింగులలో 2.5కూ 2.75కూ మధ్య ఉన్న ఆ పావు మార్కు ఏ సన్నివేశానికి వేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పైగా రివ్యూలో ‘సెకండాఫ్ ల్యాగ్’ అని చదివినవారికి ఇంటర్వెల్ కార్డు పడగానే నిద్ర వస్తుంది.

ప్రశ్న: హాల్లో ఆడని కొన్ని సినిమాలు టీవీలో మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి. ఇది మీరు చెప్పేదానికి తలకిందులు కాదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నేను చెప్పిన దానికి ఇదే మంచి ఉదాహరణ. ‘ఖలేజా’ 2010 అక్టోబరు 7న వచ్చింది. అంతకు మునుపు మూడేళ్ళ పాటు మహేశ్‌బాబు సినిమా లేదు. ఆకలి మీద ఉన్న అభిమానులు పంచ్ డైలాగుల హీరో కోసం వెళితే, ఆగకుండా వాగే ఒక టాక్సీ డ్రైవరు కనబడ్డాడు; అతణ్ణి ఒక పల్లె జనం దేవుడంటుంటే అతడు నవ్వి పారేస్తాడు. కథలో ఉన్న తత్వాన్ని ఆ రోజు హాల్లో ఎవరూ వినే స్థితిలో లేరు. టీవీలో అదే సినిమా ముక్కలు ముక్కలుగా, ఏ ఆశా లేకుండా చూసినవారికి ఆ వాగుడులోని చమత్కారం పట్టుబడింది. మాట బలం ఉంది కాబట్టి మళ్ళీ మళ్ళీ చూడగలిగారు. 2025 మే నెలలో మళ్ళీ విడుదల చేస్తే కుర్రవాళ్ళు డైలాగులను తెర కంటె ముందే చెప్పారు.

దీనిని పట్టుకొని ప్రతి ఫ్లాపునూ ‘అర్థం కాని కళాఖండం’ అనే అలవాటు కూడా ఈ మధ్య ముదిరింది. చాలా ఫ్లాపులు టీవీలోనూ ఫ్లాపులే. ఆదివారం మధ్యాహ్నం ఛానల్ మార్చకుండా వదిలేసినంత మాత్రాన మనకు నచ్చిందని అర్థం కాదు, రిమోట్ దూరంగా ఉందని కూడా కావచ్చు.

ప్రశ్న: నచ్చకపోతే సగంలో ఆపేస్తాను. కొన్నిటిని ఒకటిన్నర వేగంతో లాగించేస్తాను. ఇది సినిమాకు అన్యాయమని మా అబ్బాయి పోట్లాడుతున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆపేయడం మీ హక్కు. ఆపేశాక సినిమా మొత్తం మీద అభిప్రాయం చెప్పడమే చిక్కు. నేనైతే ఇంటర్వెల్ దాకా ఓపిక పడతాను, ఎందుకంటే మన దర్శకులు దాచి ఉంచింది ఏదైనా ఉంటే ఎక్కువగా అక్కడే బయటపెడతారు. ఆ మలుపు కూడా కదిలించకపోతే ఆపేసి, ఎవరైనా అడిగితే ‘ఇంటర్వెల్ వరకు చూశాను, ఆ తరువాత చూడాలనిపించలేదు’ అని చెబుతాను. అంతవరకు చెప్పే అధికారం చూసిన మేరకు ఉంది.

వేగం పెంచి చూడడం మీద మాత్రం మీ అబ్బాయిదే న్యాయం. నటుడు ఒక మాట విని, మింగుకొని, జవాబు చెప్పడానికి తీసుకొనే వ్యవధిలోనే నటన ఉంటుంది. దానిని మీరు నొక్కేసి, నటన బాగోలేదంటే ఎలాగండీ? పాటల సంగతి వేరు. కథను ఆపి విదేశాలకు వెళ్ళి వచ్చే డ్యూయెట్‌ను పది సెకన్ల బటన్‌తో దాటేస్తే సంగీత దర్శకుడికి తప్ప ఎవరికీ నష్టం లేదు.

ప్రశ్న: ఒక సినిమా బాగోలేదని వాట్సాప్‌లో రాస్తే, ‘నువ్వు ఒక్క షాట్ తీయగలవా?’ అని మా మేనమామ నలుగురిలో చివాట్లు పెట్టారు. వందల మంది కష్టాన్ని తీసిపారేసే హక్కు మనకు ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: కూర రుచి చెప్పడానికి వంటవాడై ఉండనక్కరలేదని మీ మామయ్యగారికీ తెలుసు, భోజనాల దగ్గర ఆయన ఉప్పు సంగతి ఎత్తకుండా ఉంటారని నేననుకోను. పెద్దవారితో వాదం పెట్టుకోకుండా, రాసే పద్ధతి మార్చి చూడండి. ‘చెత్త సినిమా’ అంటే ఆయన కష్టపడ్డవారి తరఫున మాట్లాడక తప్పదు. ‘చెల్లెలి పెళ్ళి ఆగిపోయిన సంగతి హీరోకు ఇంటర్వెల్‌లోనే తెలిసింది, అయినా అతడు మరో గంట వరకు ఎవరినీ ఎందుకు అడగలేదు?’ అని రాయండి. అప్పుడు ఆయన కూడా ఆ ప్రశ్నకు జవాబు వెతకవలసి వస్తుంది, బహుశా సినిమాను మళ్ళీ చూస్తారు. నచ్చని సినిమాలో నచ్చిన సన్నివేశం ఒక్కటైనా ఉంటే దానిని కూడా రాయండి. అది మర్యాద కోసం కాదు, మీరు మనసు పెట్టి చూశారని చదివేవారికి తెలియడం కోసం. ఏ తెర మీద, ఎన్ని విడతలలో చూశారో ఒక ముక్క చెబితే ఇంకా మంచిది. బస్సులో ఫోను మీద చూసి ఛాయాగ్రహణం చీకటిగా ఉందని రాసిన ఒక ఉత్తరం ఈసారి నా దగ్గరకు వచ్చింది.

నటుల ఒళ్ళు, వయసు, కులం, వారి ఇంటి సంగతులు ఎత్తిన ఉత్తరాలు కూడా కొన్ని వచ్చాయి. వాటిని వేయడం లేదు. రాసినవారికి విడిగా జవాబు కూడా ఉండదు.